అబ్బా కుట్టిన సైకిలు నిక్కరు

ఆ రోజుల్లో సైకిలంటే మా ఇంట్లో ఎవరికీ గౌరవం ఉండేది కాదు. స్కూటరు కొనలేనివాడు తొక్కేది సైకిలు, అంతే. అలాంటిది, కారు పెట్టుకుని కూడా ఆదివారం తెల్లవారగానే సైకిలెక్కే మనిషిని నేను ఉద్యోగంలో చేరాకే చూశాను. ఆయన మా పెద్ద సారు. శ్రీ సిటీలో నేను ట్రైనీగా చేరిన ఫ్యాక్టరీలో ఆయన మాటే చివరి మాట. నాసిక్ వైపు మనిషి. వాళ్ల ఊరి చుట్టూ ద్రాక్షతోటలట, వాటి మధ్య సన్నటి రోడ్లట. చిన్నప్పట్నుంచీ ఆ దారుల్లో తొక్కినవాడు కాబట్టి హారను మోత వింటే చాలు, ఆయన ముఖం మాడిపోయేది. తెలుగు ఒక్క ముక్క రాదు. మా బ్యాచిలో హిందీ మాట్లాడగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే (నేను మాట్లాడేది ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూ. ఆయన దాన్ని హిందీ అనుకున్నారు, నేనూ కాదనలేదు). అందుచేత ఆయనకు దారి చూపించే భాగ్యం నాకు దక్కింది. భాగ్యమని ఎందుకంటున్నానంటే, ట్రైనీల్లో ఎవరిని పర్మనెంటు చెయ్యాలో, ఎవరిని ఇంటికి పంపాలో ఆ నెలాఖరులో తేల్చేది కూడా ఆయనే.

మొదటి ఆదివారం సముద్రపు గాలి తగులుతుందని తడ వైపు తీసుకెళ్లాను. సైకిళ్లను కారుకు కట్టుకుని వెళ్లి పులికాట్ సరస్సు దగ్గర దించాం. సరస్సు బాగానే ఉంది, కొంగలూ బాగానే ఉన్నాయి. కానీ ఆ ఎదురుగాలికి ఎంత తొక్కినా పక్కనున్న తాటిచెట్టు పక్కనే ఉండిపోయింది. సరే, వెనక్కి తిరుగుదామని హైవే మీదికి వస్తే లారీలు మా చెవుల్లోనే ఊదాయి. సారు సైకిలు దిగి, "మీ వైపు ప్రశాంతంగా ఉండే రోడ్డే లేదా?" అని అడిగారు. నా పౌరుషం పొడుచుకొచ్చింది. "ఉంది సార్, వచ్చే ఆదివారం చూడండి, మనిషన్నవాడు ఎదురు రాడు" అని మాటిచ్చేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఎలాంటిదో ఆ వారం తిరిగేలోపే తెలిసింది.

ఇక్కడ మా అబ్బా గురించి, అంటే మా నాన్న గురించి, చెప్పాలి. తిరుపతిలో ఆయనది ఒక్క మిషను పట్టేంత టైలరు కొట్టు. సారు వేసుకునే నిక్కరుకు కూర్చునే చోట మెత్త ఉంటుందనీ, అలాంటిది లేకుండా అంత దూరం తొక్కి నేను రెండు రోజులు నిలబడే అన్నం తిన్నాననీ అబ్బా కనిపెట్టారు. "దానికి కొనేదేముండాది బేటా? నేను కుడతా" అని, సంచులు కుట్టే మందపాటి నీలం గుడ్డ తీసి, స్కూటరు సీటులోని స్పాంజి కోసి లోపల పెట్టి, చుట్టూ మూడు వరసలు కుట్టేశారు. అమ్మీ చూసి, "బిడ్డ ఎనకాల దిండు కట్టినట్టుండాదే!" అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అబ్బా నవ్వలేదు. కుట్టు మీద బొటనవేలు నొక్కి, "గుడ్డ చినిగితే చినగాల గానీ నా కుట్టు ఊడదు" అన్నారు. అది ఆయన అందరికీ చెప్పే మాటే. పెళ్లికొడుకు కోటుకూ అదే చెప్పేవారు, గోనెసంచికీ అదే చెప్పేవారు.

ఆ ఆదివారం తెల్లవారుజామున చంద్రగిరి దాటి, కొండల కిందుగా పోయే చిన్న రోడ్డు పట్టుకున్నాం. ఒక పక్క చెరకు తోటలు, ఇంకో పక్క పూతకొచ్చిన మామిళ్లు, ఎదురుగా మంచులో కొండలు. సారు ముఖం వెలిగిపోయింది. "మా ద్రాక్షతోటల్లో కూడా ఇంత ప్రశాంతత లేదు" అన్నారు. పర్మనెంటు ఆర్డరు నా కళ్ల ముందు ఊగింది. అయితే కొంతసేపటికి ఆ ప్రశాంతతే నన్ను పీకడం మొదలుపెట్టింది. ఆటో లేదు. పాల వ్యాను లేదు. టీ కొట్టుకు తాళం. పొలంలో ఒక్క మనిషి లేడు. ఆదివారం కదా అని సర్దిచెప్పుకున్నాను. కానీ ఒక్క ఆవు కూడా కనపడదేం? ఆవులకు ఆదివారమేమిటి? సారు మాత్రం ఈల వేసుకుంటూ ముందు పోతున్నారు.

మలుపు తిరిగి ఒక ఊళ్లోకి దిగాం. వీధి ఊడ్చిపెట్టినట్టు ఖాళీగా ఉంది. పక్క సందులన్నిటికీ ఎడ్లబండ్లు, వెదురు బొంగులు అడ్డం పెట్టేసి ఉన్నాయి. జనమంతా మిద్దెల మీద, గోడల మీద, ట్రాక్టర్ల మీద ఉన్నారు. మమ్మల్ని చూడగానే అందరూ ఒక్కసారిగా గోల పెట్టారు. తనకు స్వాగతం చెబుతున్నారనుకుని సారు ఒక చెయ్యి ఎత్తి ఊపారు. అప్పుడు నా కళ్లు తెరుచుకున్నాయి. పశువుల పండగ! కోడెల కొమ్ములకు చెక్క పలకలు కట్టి, కొత్త పంచెలు చుట్టి వీధిలోకి వదులుతారు. ఉరికొచ్చే కోడెను నిలేసి పలక పీకినవాడికే ఆ పలక. ఒక్కో ఊళ్లో ఒక్కో రోజు చేస్తారు (పట్నంలో పుట్టినవాడికి ఏ ఊరికి ఏ రోజో ఎవరు చెబుతారు?). వెనక ఎక్కడో డప్పులు మోగుతున్నాయి.

"ఒరే, ఎవురప్పా మీరు! ఈ పొద్దు ఈడికి సైకిలు మింద వచ్చేదేంది? ఎక్కండి, గోడెక్కండి!" అని ఒక అవ్వ మిద్దె మీది నుంచి అరిచింది.

"ఏమంటోంది?" అన్నారు సారు.

కోడెల మధ్యకు తీసుకొచ్చానని ఆయనతో ఏ నోటితో చెప్పను? "ఇంట్లోకి రమ్మంటోంది సార్."

"పాపం, మంచి మనుషులు. తిరిగి వచ్చేటప్పుడు వెళ్దాం."

"ఇప్పుడే రమ్మంటోంది సార్. అందులోనూ మిద్దె మీదికి."

అంతలో వీధి చివర దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి నల్లటి కోడె ఒకటి బయటికొచ్చింది. ఇక నేను దేన్నీ మార్చి చెప్పాల్సిన పని లేకపోయింది. ఇద్దరు కుర్రాళ్లు ఆ పొట్టి మిద్దె పిట్టగోడ మీద పడుకుని చేతులు కిందికి చాచారు. సారు కదలరే! "ముందు సైకిలు" అన్నారు, వణుకుతూనే. ఆ సైకిలంటే ఆయనకు ప్రాణం మరి. సరే, ఆయన సైకిలెక్కింది, నాది సందులో బొంగుల వెనక్కి తోసేశాను. నేను కింద భుజం పెడితే దాని మీద కాలేసి సారెక్కారు. ఇక నేను మిగిలాను. గిట్టల చప్పుడు దగ్గరికొస్తోంది. నేను గోడ అంచు పట్టుకుని వేలాడుతున్నాను, కాళ్లేమో సున్నం గోడ మీద జారుతున్నాయి. అంత భయం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు. వెనక నుంచి దభీమని ఒక దెబ్బ తగిలింది. నొప్పి రాలేదు, స్పాంజి మింగేసింది. కానీ ఎవరో నన్ను కిందికి లాగుతున్నట్టయింది. పైన కుర్రాళ్లు చేతులు లాగుతున్నారు, కింద కోడె నిక్కరు లాగుతోంది. ఫట్‌మని ఏదో తెగింది. నేను మిద్దె మీద బోర్లా పడ్డాను. కోడె వీధి వెంట ఉరికిపోయింది. దాని పలక మాత్రం, మూల నిక్కరు మెత్త కింద ఇరుక్కుని, నా వెనక వేలాడుతోంది.

ఒక్క క్షణం ఊరంతా నోరెళ్లబెట్టింది. తర్వాత మొదలైంది అసలు గొడవ. ఆ కోడె పలక మీద అంతవరకూ ఎవరి చెయ్యీ పడలేదట. "యాడి నుంచో వచ్చినోడు మన కోడె పలక ఎత్తుకపోతాడా?" అని కుర్రాళ్లు చొక్కా చేతులు మడిచి మెట్లెక్కారు. వాళ్ల వెనకే కోడెను పెంచిన అక్క వచ్చింది. ఆవిడ అరవలేదు, పలకను చూసి కళ్లు తుడుచుకుంది. నాకు అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. సారు నా చెవిలో, "ఏమంటున్నారు?" అన్నారు. "మనల్ని మెచ్చుకుంటున్నారు సార్" అన్నాను.

పలక ఊడదీసి రెండు చేతులా ఆవిడ ముందు పెట్టాను. "అక్కా, నేను పట్టలేదక్కా. పారిపోతా ఉంటే తగులుకునింది. నీ కోడెను పట్టే మొగమా నాది?"

మిద్దె మీది అవ్వ పకపకా నవ్వింది. "నేను సూసినా గదమ్మే! వాని చేతులు రెండూ గోడ మిందే ఉండె. పట్టింది వాడు కాదు, వాని నిక్కరు!"

ఊరంతా నవ్వింది. చేతులు మడిచినవాళ్లు విప్పేశారు. ఆ అక్క మాత్రం పలకకున్న తెగిన తాడు కొసను ఒకసారి, నన్ను తిప్పి నిక్కరును ఒకసారి పరీక్షగా చూసింది (అంతమంది ముందు అలా తిరిగి నిలబడడం ఉద్యోగం కోసం కాబట్టి సహించాను). "తాడు తెగింది గానీ కుట్టు తెగల్యా. ఎవురు కుట్టినారప్పా?"

"మా అబ్బా, అక్కా."

"అట్లైతే మా కోడె ఓడింది మీ నాయనకు. నీకు కాదు" అని తేల్చేసి, పలక తీసుకుని, మా ఇద్దరికీ ఆకుల్లో పొంగలి పెట్టించింది.

తిరుగు దారిలో సారు తలొంచుకుని తొక్కారు. ఈల లేదు. కొండల వైపు చూడనైనా లేదు. నా ఉద్యోగం ఆ వీధిలోనే కోడె కాళ్ల కింద పడిపోయిందని ఖాయం చేసుకున్నాను. అబ్బాకు ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ తొక్కాను. తిరుపతిలో తన ఇంటి మలుపు దగ్గర సారు సైకిలు ఆపి, నా వెనక భాగం వైపు చాలాసేపు చూసి, గొంతు సవరించుకున్నారు. "మీ నాన్నగారు నాకూ ఒకటి కుడతారా?" అన్నారు. నేను రోడ్డు మీదే కూలబడి నవ్వాను. ఆయనా నవ్వారు. నెలాఖరుకు ఆర్డరూ వచ్చింది.

ఇంటికెళ్లి జరిగిందంతా చెబితే, అమ్మీ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయల కోసం పరిగెత్తింది. కోడె కొమ్ము తగిలిందన్న చోట అబ్బా మిషను ఆపి తలెత్తారు. "కుట్టు ఊడిందా?" అన్నారు. లేదన్నాను. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టారు.

సారు వాళ్ల ద్రాక్షతోటలకు వెళ్లిపోయి చాలా కాలమైంది. కొండల కింద రోడ్డు మరీ నిశ్శబ్దంగా ఉంటే ఇప్పటికీ నేను సైకిలు దిగి, ముందు మిద్దెల వైపు చూస్తాను. మొన్న ఆదివారం ట్రంకుపెట్టె అడుగున ఆ నీలం నిక్కరు దొరికింది. ఆశకొద్దీ ఎక్కించబోతే తొడల దగ్గరే మొరాయించింది. అబ్బాకు ఇప్పుడు సూదిలో దారం ఎక్కించేంత చూపు లేదు. అయినా పక్కన కూర్చుని, "కొంచెం విప్పి వదులు చేస్తారా అబ్బా?" అని అడిగాను. ఆయన నిక్కరు చేతిలోకి తీసుకుని, మూడు వరసలనూ బొటనవేలితో చివరిదాకా తడిమి చూశారు. తర్వాత అదే చెయ్యి చాచి నా పొట్ట తడిమారు. "నా కుట్టులో తప్పు ల్యా బేటా" అని నిక్కరు మడిచి నా ఒళ్లో పెట్టేశారు.