నీళ్ళ నడుమ గట్టుకు ఒక బేతంచెర్ల బండ

ఎనభైల మొదట్లో శ్రీశైలం ఆనకట్ట నీళ్ళు మా ఊరి మీదికి వచ్చాయి. ఊరి వెనక కొండలా లేచిన రాతిగట్టు మాత్రం పూర్తిగా మునగలేదు. చుట్టూ నీళ్ళు చేరి దీవి అయింది. ఈ సంగతి నంద్యాల బజారులో కలిసిన మా ఊరాయన చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికి నేను నంద్యాలలో బడిపంతులుని, మా అక్క ఎస్తేరు ఆళ్ళగడ్డ ఆసుపత్రిలో నర్సు. ఊరు ఖాళీ చేయడానికి కొన్నాళ్ళ ముందే మా అమ్మ రాహేలమ్మ పోయింది. ఆమెను ఆ గట్టు వాలులోనే పాతిపెట్టాం. సమాధి మీద పేరు చెక్కిన రాయి నిలబెట్టాలని అక్క అనుకుంటూ ఉండగానే ఊరే లేకుండా పోయింది. గట్టు బయటే ఉందని నేను కబురు పెట్టిన వారం తిరక్కుండా ఆమె బస్సెక్కి వచ్చి, నా గది గడపలో నిలబడే అడిగింది.

"నేను పోతాండా. నువ్వు వస్తావా, రావా? అది చెప్పు చాలు."

"పాతిన చోటు మునిగింటే ఏం చేస్తావక్కా?"

"మునిగిందో లేదో ఈడ కూచుంటే తెలుస్తాదా?"

ఆ రోజు నుంచే మా ఏర్పాట్లు మొదలయ్యాయి. ఎండాకాలమైతే నీళ్ళు తగ్గి ప్రయాణం తేలికవుతుందని నేననుకున్నాను. ఆత్మకూరు బస్సు డ్రైవరును అడిగితే తల అడ్డంగా ఊపాడు. "నీళ్ళు తీసినాక మోకాలిదాకా బురద సారూ. పుట్టి పోదు, మనిషి నడవలేడు" అన్నాడు. వానాకాలంలో వరద. అందుకని క్రిస్మస్ దాటాక, ఎండలు ముదరక ముందు పోవాలని తేల్చుకున్నాం. తర్వాత రాయి సంగతి. మీటరుగేజి రైల్లో బేతంచెర్లకు పోయి, నునుపు పట్టిన బండలు పేర్చిన అంగళ్ళన్నీ తిరిగి, మూరెడు పొడవున్న నల్లబండ ఒకటి ఏరుకుని, అమ్మ పేరు చెక్కించాను. చిన్నది తీసుకుందామంటే అక్క ఒప్పుకోలేదు. ఇక బరువు అలవాటు చేసుకోవాలి కదా! సాయంత్రాలు బండను గోనెసంచిలో కట్టి వీపుకు తగిలించుకుని ఊరి బయటి దాకా నడిచి వచ్చేవాణ్ణి. చూసినవాళ్ళు పంతులుకు ఏమైందనుకున్నారో తెలియదు.

అక్క ముందురోజే వచ్చింది. తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు, నంజుకోవడానికి ఊరిబిండి గిన్నెలో పెట్టి మూట కట్టింది. మొదటి బస్సుకు నంద్యాలలో ఎక్కి ఆత్మకూరులో దిగాం. అక్కడ పాములపాడు వైపు పోయే బస్సు పట్టుకుని, దారిలో ఒక కూడలి దగ్గర దిగి, కందిచేల మధ్య ఎద్దులబండి మీద ఒడ్డు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. బస్సులకూ బండికీ కలిపి పెద్ద ఖర్చేమీ కాలేదు. కష్టమల్లా ఒడ్డునే మొదలైంది. చేపల వలలు ఆరేస్తున్న రంగన్న అనే ఆయనకు పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, ఉంది కానీ గట్టు పేరెత్తగానే ముఖం తిప్పుకున్నాడు.

"ఆ గట్టు మీదికి ఎవురూ పోరు. రాళ్ళు జారతాయి. ఆడేముందని?"

"మా అమ్మ ఉందన్నా" అంది అక్క.

ఆయన వల వదిలి ఆమె వైపు చూశాడు. తర్వాత నా వీపు మీది గోనెసంచిలోంచి కనబడుతున్న బండ అంచు చూశాడు.

"ఆ రాయేందీ?"

"ఆమె పేరుంది దాని మీద" అన్నాను.

రంగన్న తలెత్తి పొద్దు చూశాడు. "మద్దేనం దాటితే గాలి లేస్తాది. నేను కేకేస్తే యాడున్నా దిగి రావల్ల. ఒప్పుకుంటే ఎక్కండి" అన్నాడు. బండను పుట్టి నడుమ పెట్టి, మమ్మల్ని చెరో పక్కన కూర్చోబెట్టాడు.

ఎండిపోయిన చింతచెట్ల కొమ్మలు నీళ్ళలోంచి పైకి లేచి ఉన్నాయి. వాటి మధ్యగా పోతుంటే అక్క వేలు చూపి, "ఈడనే మన చేను" అంది. గట్టు దగ్గర పడ్డాక అమ్మను పాతిన వైపు చూపింది. సమాధులుండే వాలు వైపుకు రంగన్న పుట్టిని మళ్ళించాడు. అక్కడ వాలు లేదు. నీళ్ళే ఉన్నాయి. గడకర్ర దించి చూశాడు, అడుగు తగల్లేదు.

బండను అక్కడే నీళ్ళలోకి వదిలేద్దామన్నాను. అమ్మ దగ్గరికే చేరుతుందని కూడా అన్నాను. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చేయి చాచి నీళ్ళను తాకింది. తర్వాత తలెత్తి గట్టు కొన వైపు చూసింది.

"వద్దురా. కిందుంటే ఎవురు సూస్తారు? పైన పెడదాం."

రంగన్న పుట్టిని గట్టుకు ఆనించి మమ్మల్ని దించాడు. పైకి దారి అంటూ ఏదీ లేదు. పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందుల్లో ముళ్ళకంప. చెప్పులు జారుతుంటే విడిచేసి వట్టి కాళ్ళతో పాకాం. అక్క ముందు ఎక్కి చేయి ఇచ్చేది, నేను బరువుతో వెనక. సగం పైకి వచ్చాక ఒక నిటారు గుండు అడ్డమైంది. నేను పైకెక్కి, సంచికి తాడు కట్టి లాగుతుంటే రాతి అంచుకు ఒరుసుకుని తాడు తెగింది. సంచి దబ్బున కింద పడింది. విప్పి చూస్తే బండ ఒక చివర విరిగింది. పెద్ద ముక్క మీద 'రాహేల' మిగిలింది, చిన్న ముక్క మీద 'మ్మ'.

నేను రాయి మీద కూలబడ్డాను. అక్క చిన్న ముక్కను కొంగులో మూటగట్టుకుని నడుముకు చుట్టుకుంది. "లెయ్యిరా నాయనా, పైకి దగ్గరే" అంది. తెగిన తాడు ముడేశాను. ఈసారి ఆమె కింద నుంచి భుజం పెట్టి సంచిని తోసింది, నేను లాగాను. కొన చేరేసరికి ఇద్దరి అరచేతులూ దోక్కుపోయి ఉన్నాయి. నాలుగు దిక్కులా నీళ్ళు, దూరంగా నల్లమల. రెండు ముక్కలనూ ఆనించి నిలబెట్టి, చుట్టూ రాళ్ళు పేర్చి బిగించాం. అక్క మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టిందో లేదో, కింద నుంచి రంగన్న కేక వినిపించింది.

ఆమేన్ చెప్పి దిగడం మొదలుపెట్టాం. ఒడ్డుకు తిరిగి వస్తుంటే గాలికి నీళ్ళు లేచి పుట్టిలో పడ్డాయి. రొట్టెల గిన్నెతో నేను తోడుతూనే ఉన్నాను. అక్క మాత్రం వెనక్కి తిరిగి గట్టు వైపే చూస్తూ కూర్చుంది. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తే. ఏడవలేదు, నవ్వలేదు. డ్యూటీ దిగిన నర్సు ముఖంలా ఉంది.

నీళ్ళ మధ్య గట్లకు పోవాలనుకునే వారికి నేను చెప్పగలిగింది ఒక్కటే: పైకెక్కే దారి కంటే ముందు తిరుగు ప్రయాణం సంగతి మాట్లాడుకోండి. పుట్టి నడిపే మనిషి దిగమంటే దిగండి, కొన రెండడుగుల్లో ఉన్నా సరే. చాలా ఏళ్ళ తర్వాత నేనొక్కణ్ణే ఆ ఒడ్డుకు పోయాను. రంగన్న లేడు. ఎవరో కొత్తాయన వల సర్దుతూ "యాడికి సారూ, రాహేల గట్టుకా?" అన్నాడు. చిన్న ముక్క గాలికో వానకో దొర్లిపోయినట్టుంది. మిగిలిన అక్షరాలు చదివి ఎవరు పెట్టారో ఆ పేరు! ఆళ్ళగడ్డకు పోయి అక్కకు చెబితే, 'మ్మ' పోయినందుకు బాధపడుతుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం చాలాసేపు నవ్వింది. "మన జేజి అమ్మను రాహేలా అనే పిలుస్తాండె" అంది, నాయనమ్మను తలుచుకుని.