సిస్టరమ్మ వార్డు

అరుణమ్మకు చెట్లన్నీ పేషెంట్లే. నల్గొండలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాక కూడా ఆమె డ్యూటీ దిగలేదు. పెరటినే వార్డు చేసుకుంది.

మేము ఆ పక్కింట్లో దిగిన వారానికే, మిట్టమధ్యాహ్నం, "శివకృష్ణా, ఉరుకు! పానం పోతాంది!" అని ఆమె కేక. చెప్పులైనా వేసుకోకుండా, కాలిపోతున్న బండల మీద గెంతుకుంటూ పోయాను. మనుషులెవరూ పడి లేరు. బొప్పాయి మొక్క ఒకటి తల వేలాడేసింది.

"ఎండదెబ్బ," అంది, ఆకు కింద చెయ్యి పెట్టి చూస్తూ. "గా గొడుగు పట్టుకో. పొద్దుగూకేదాంక కదలకు."

బొప్పాయి కోలుకుంది. నాకు జ్వరమొచ్చింది.

కడిగిన సెలైన్ సీసాల్లో నీళ్లు నింపి మొక్కమొక్కకూ కట్టేది. మా అమ్మ ఓసారి ఆమె చెట్టు జామకాయ తెంపబోతే, "దానికి మొన్ననే ఆపరేషన్ అయింది, కుట్లు ఆరలే!" అని అరిచింది. అమ్మ చేతిలో గిన్నె జారిపోయింది. ఇంకోరోజు ఎండిపోయిన కరివేపాకును చూసొచ్చి, అమ్మతో "ఇగ మన చేతుల లేదు, లక్ష్మీనర్సమ్మా," అంది. ఆఫీసుకెళ్లిన నాకేదో అయిందనుకుని అమ్మ శోకాలు అందుకుంది.

కిందటి మే నెలలో నిజంగానే అమ్మకు ఎండదెబ్బ తగిలింది. ఇంటికి తాళం వేసి హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయాను. ఇరవై రోజులు. ఈలోగా మా వీధి బోరు ఎండిందనీ, నాలుగు రోజులకోసారి ట్యాంకరొచ్చి ఇంటికి రెండు డ్రమ్ములే పోస్తోందనీ తెలిసింది. అమ్మ మంచం మీంచి రోజూ ఒకటే అడిగేది: "నా నిమ్మచెట్టు ఉన్నదా, పోయిందా?"

"మంచిగున్నదమ్మా," అని అబద్ధమాడేవాణ్ణి.

తిరిగొచ్చి గేటు తీశాను. నా అబద్ధం నిజమైంది. నిమ్మచెట్టు పచ్చగా ఉంది. దాని మొదట్లో మూడు సీసాల నుంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. గోడవతలికి చూస్తే ఇంకా పెద్ద షాక్. అరుణమ్మ బొప్పాయిలు మాడిపోయి నిలబడ్డాయి.

"మీయి ఎండబెట్టి మాయి బతికించిన్రా, సిస్టరమ్మా?"

"ఉన్నయే రెండు డ్రమ్ములు, ఏంజెయ్యమంటవ్ బిడ్డా? బొప్పాయిలు పోతే మళ్ల ఇత్తనం పెట్టుకుంట. చెట్టు పోయిందంటే మీ అమ్మ బీపీ యాడికి పోతదో నాకెర్కలేదా?"

అమ్మ ఆటో దిగి నేరుగా చెట్టు కిందికి నడిచి, కాయలు లెక్కపెట్టింది.

"అక్కా! నేను పొయ్యేనాడు పద్దెనిమిది. గిప్పుడు పద్నాలుగే!"

"షర్బత్ చేస్కోని తాగిన," అంది అరుణమ్మ, ఏమాత్రం సిగ్గుపడకుండా. "అరవై ఆరేండ్లకు దినాం గోడ దుంకాలంటే ఒంట్ల తాకత్ వద్దా?"