తమ్ముడుదొరకు మేం చూపించిన కోటలు

ఆ రోజుల్లో మాకు విదేశం అంటే బరంపురం. ఇచ్ఛాపురం దాటగానే బోర్డుల మీద ఒరియా అక్షరాలన్నీ గొడుగులు వేసుకుని నిలబడతాయి, అక్కడితో మన దేశం అయిపోయినట్టే అని నరసన్నపేటలో పుట్టిన మా పిల్లలందరం గట్టిగా నమ్మేవాళ్ళం. అలాంటి నేను అరవైల చివర్లో, పదిహేనో పదహారో ఏళ్ళ వయసులో, ఏకంగా ఫ్రాన్సు దేశంతో పోటీకి దిగాను. వాళ్ళ కోటలన్నీ ఒకవైపు, మా కోటలన్నీ ఒకవైపు, మధ్యలో ఒక మనిషి. ఆ మనిషి ఎటు మొగ్గుతుందన్నది నాకు చావుబతుకుల సమస్య. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు మాత్రం తిండి సయించలేదు. (నాకు తిండి సయించలేదంటే పరిస్థితి ఎంత విషమించిందో మా ఇంట్లోవాళ్ళని అడగండి.)

ఆ మనిషి మా మదరమ్మ. శ్రీకాకుళంలో మేం చదువుకున్న మిషను హాస్టలుకి పెద్ద దిక్కు. ఫ్రాన్సులో ఎక్కడో ద్రాక్షతోటల సీమలో పుట్టి, పాతికేళ్ళైనా నిండకుండానే ఓడెక్కి వచ్చేసి, అప్పటికి నలభై ఏళ్ళుగా మా మధ్యే ఉంటోంది. హాస్టలు పక్కనే ఉన్న మందుల గది కూడా ఆవిడదే. తెలుగు పుస్తకాల్లో నేర్చుకోలేదు, మందుకొచ్చిన వాళ్ళ నోళ్ళలోంచి నేర్చుకుంది. అందుచేత చూడ్డానికి నీలికళ్ళూ తెల్లగౌనూ, నోరు తెరిస్తే మాత్రం "ఒసే గుంటా, బేగి రాయే! తల దువ్వుకున్నావేటే, పిచిక గూడునాగున్నాది!" ఓసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఇనస్పెక్టరుగారు ఆవిడతో ఇంగ్లీషులో మొదలుపెడితే, "ఏటి బాబూ, నీకు తెలుగు రాదేటి?" అని జాలిపడింది. నేను హాస్టల్లో చేరిన ఏడాది టైఫాయిడు వస్తే పక్కన కూచుని జావ తాగించింది. మా అమ్మ తర్వాత నన్ను అంత ప్రేమగా తిట్టింది ఆవిడే.

ఆవిడ దగ్గర నేను ఫ్రెంచి కూడా నేర్చుకునేదాన్ని. భాషాభిమానం ఏమీ లేదు, పాఠం చెప్పే గదిలో బిస్కెట్ల డబ్బా ఉండేది. మాట తప్పులేకుండా చెబితే ఒకటి, తప్పు చెప్పి ఏడుపుమొహం పెడితే రెండు. కాబట్టి నా ఫ్రెంచి ఏ స్థాయిలో ఉండేదో మీరే ఊహించుకోండి.

ఆ ఏడు కార్తీకంలో, అక్కడ ద్రాక్ష కోతలు ముగించుకుని, మదరమ్మ తమ్ముడు వచ్చాడు. పొడుగ్గా, ఎర్రగా, చేతులు మాత్రం మా ఊరి రైతుల చేతుల్లాగే మొరటుగా ఉన్న ముసలాయన. ఊరంతా ఆయన్ని తమ్ముడుదొర అనేసింది. సాయంత్రం వరండాలో కూచుని, సంచీలోంచి బొమ్మల కార్డులు తీసి మాకు ఒక్కొక్కటే చూపించాడు. అన్నీ వాళ్ళ సీమలో కోటలే. ఒక కోట ఏట్లో కాళ్ళు పెట్టి నిలబడింది. ఇంకోదాని బురుజుల మీద గరాటాలు బోర్లించారు. మరొకటి గుట్ట మీద, దాని గోడల దాకా బారులు తీరి ద్రాక్షపాదులు. దొర ఫ్రెంచిలో చెబుతుంటే మదరమ్మ మాకు అనువదించేది. "ఇది ఓ రానీది. మొగుడు సచ్చిపోగానే, ఆడు మరిగినదాన్ని యీ కోటలోంచి తగిలీసింది. మంచి పని సేసింది." "ఇది పాత దుర్గం. శత్రువులొస్తే పైనించి సలసల మరిగిన నూని పోసీవోరు." పక్కన కూచున్న మా వదిన (మా మేనమామ కూతురు, నాకన్నా ఆర్నెల్లు పెద్ద, అదొక పెత్తనం) గుండెలు బాదుకుంది. "నూనే! శత్రువుల మీదే! మా యమ్మ అప్పడాలకి కూడా చెంచాతో పోస్తాది!" ఆఖరి కార్డు తీసి, తమ్ముడుదొర తన గుండె మీద చెయ్యేసుకుని 'శాతో' అన్నాడు. శాతో అంటే కోట అని అప్పటికి తెలిసిపోయింది. అంటే వీళ్ళిల్లు కూడా కోటే! మా మదరమ్మ కోటలో పుట్టిందన్నమాట! మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. అందరూ అన్నాలకి లేచాక, నేను మంచినీళ్ళు పట్టుకెళ్తూ గుమ్మం దగ్గర ఆగిపోయాను. దొర అక్కని బతిమాలుతున్నాడు. 'మెజో' అంటే ఇల్లు, నాకు తెలుసు. 'రాంత్రె' అంటే తిరిగి రావడం, అదీ తెలుసు (దానికొక బిస్కెట్టు వచ్చింది). మదరమ్మ బొమ్మల కార్డులన్నీ సర్ది ఆయన సంచీలో పెట్టేసింది. తర్వాత నెమ్మదిగా "మ్వా, జ రెస్త్" అంది. మ్వా అంటే నేను. జ అన్నా నేనే. రెస్త్ అనే మాట మా పాఠంలో ఇంకా రాలేదు. రాకపోతేనేం, రెస్టు తెలియనిదెవరికి? మా ఊరి డాక్టరు ప్రతి జ్వరానికీ చెప్పేది అదే కదా. నేను, నేను రెస్టు తీసుకుంటాను! నలభై ఏళ్ళు మాకు సేవలు చేసి అలిసిపోయి, పుట్టిన కోటకి వెళ్ళి రెస్టు తీసుకుంటానంటోంది! చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు పాదాల మీద పడ్డాయి.

వదినకి చెబితే ఏడవలేదు, ఆలోచించింది. "కోటలు సూపించి తీసుకుపోతన్నాడు. మనకి నేవేటి కోటలు? ఇజీనారం నేదా, బొబ్బిలి నేదా? మనమూ సూపిద్దాం." మా మావకి నరసన్నపేటలో రైసుమిల్లూ, దానికొక వ్యానూ ఉండేవి. వీపు మీద రాచపుండు లేచి ప్రాణం మీదికొచ్చినప్పుడు మదరమ్మే కోసి, కట్టుకట్టి బతికించిందని ఆయన చొక్కా విప్పి మచ్చ చూపించి మరీ చెబుతాడు. మా కబురు విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఎలిపోతాదా? ఎలాగెలిపోతాది? ఆదివారం వేను ఎడతాను. కోటలు సూడమను, కళ్ళు తిరిగిపోవాల!" మదరమ్మని అడిగితే మారుమాట్లాడకుండా "సరే పదండి" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుందంటే వెళ్ళే ముందు ఆఖరిసారి చూసుకుందామనే అని నాకు మరీ బెంగ పట్టుకుంది.

విజయనగరం కోట దగ్గర మా పరువు నిలబడింది. కందకం, రాతి బురుజులు, ఏనుగు దూరే గుమ్మం. మావ గైడు వేషం వేశాడు. "ఇజయదశమి నాడు, ఇజయ నామ సమచ్చరంలో, ఇజయరామరాజు పేరు మీద..." అంటూ కోట పునాదికి కలిసొచ్చాయనే అయిదు విజయాలూ వేళ్ళ మీద చెప్పబోయి నాలుగో దగ్గర ఆగిపోయి, అయిదోది దారిలో గుర్తొస్తాదన్నాడు. తమ్ముడుదొర గోడని చేత్తో తట్టి చూశాడు, తలూపాడు, తర్వాత చుట్టూ చూసి ఏదో అడిగాడు. "కోట సుట్టూ తోట ఏదీ, సారా ఎక్కడ సేస్తారని అడుగుతన్నాడు" అంది మదరమ్మ. మావకి తల కొట్టేసినట్టయింది.

ఆ ఉక్రోషం బొబ్బిలిలో బయటపడింది. అక్కడ పాత కోట లేదు, యుద్ధం జరిగిన చోట ఒక స్తంభం ఉంది. దాని ముందు నిలబడగానే మావ గొంతు పెరిగింది. "కోట ఏదని అడక్కు దొరా! మీ పరాసులే కదా ఫిరంగులెట్టి గుల్ల సేసినోరు! ఇల్లూ వాకిలీ, ఆడోలూ పిల్లలూ, అందరూ బుగ్గయిపోనారు!" నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మర్యాద చేసి మదరమ్మని ఆపుదామని వస్తే మావ ఆవిడ తమ్ముడి మీదే యుద్ధం ప్రకటించాడు. "అది సెప్పొద్దు మదరమ్మా" అన్నాను మెల్లగా. "తప్పే, నిజం సెప్పాల" అని ఆవిడ పొల్లుపోకుండా చెప్పేసింది. తమ్ముడుదొర టోపీ తీశాడు. ఎండలో అలాగే నిలబడి ఉండిపోయాడు. తర్వాత మావకేసి తిరిగి రెండు ముక్కలన్నాడు. "మా వోలు సేసింది తప్పే, సెమించమంటన్నాడు" అంది మదరమ్మ. మావ కంగారుపడిపోయాడు. "అబ్బే, యీయనేటి సేసీసేడు? అప్పటికి పుట్టనేదు కదా పాపం!" అని పరుగెత్తుకెళ్ళి రెండు కొబ్బరిబోండాలు కొట్టించుకొచ్చాడు. అక్కణ్ణించి ఇద్దరూ వ్యాను ముందు సీట్లో పక్కపక్కనే కూచున్నారు.

తిరుగుదారిలో, చీపురుపల్లి ఇంకా చాలా దూరం ఉండగా, వదిన తన బ్రహ్మాస్త్రం తీసింది. వాళ్ళమ్మ వైపు చుట్టాల ఊరొకటి ఆ దారిలోనే ఉంది, పేరు చింతకోట. "పేరులోనే కోటున్నాది, ఎంత పెద్దదో!" అంది. వ్యాను దిగి చూస్తే తాటితోపు, పదిహేను పాకలు, ఒక దిబ్బ, దిబ్బ మీద మేకలు. కోట ఎక్కడని ఎదురొచ్చిన ముసలమ్మని అడిగాను. "కోటా? కోటేటి తల్లీ, అది పేరు. నా సిన్నప్పట్నించీ పేరే ఉన్నాది, కోట నేదు" అందావిడ. మదరమ్మ ఆ మాట ఫ్రెంచిలో చెప్పగానే తమ్ముడుదొర పగలబడి నవ్వడం మొదలెట్టాడు. నవ్వాపుకుంటూ ఆయన చెప్పిందీ, నవ్వుతూనే మదరమ్మ మాకు చెప్పిందీ ఏమిటంటే, వాళ్ళ శాతో కూడా ఇలాంటిదేనట. అక్కడ నాలుగు ద్రాక్షపాదులున్న ప్రతివాడూ సీసా మీద కోట అని రాసుకుంటాడట. వీళ్ళది రెండు గదుల ఇల్లు, పీపాలు పెట్టుకునే పాక, మేకలు కూడా ఉన్నాయట. చింతకోటని చూస్తే సొంతూరికొచ్చినట్టుందట.

ఆ ఆనందంలో మావ తాటితోపులోంచి ఓ ముంత తెప్పించాడు. (అప్పటికి మద్యనిషేధం ఉందో, ఎత్తేశారో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరూ నోరెత్తలేదు.) మదరమ్మ మేకలకేసి తిరిగి నిలబడింది. తమ్ముడుదొర తాటాకు దొన్నె అందుకుని వాసన చూశాడు, గుండ్రంగా తిప్పాడు, వెలుగుకేసి పెట్టి చూశాడు, ఒక గుక్క తీసుకుని నోట్లోనే అటూఇటూ ఆడించాడు. కల్లు గీసినాయన బిక్కచచ్చిపోయాడు. "ఏటి, దొర పుక్కిలిస్తన్నాడు? బాగోనేదేటి?" దొర మింగి, కళ్ళు మూసుకుని, ఓ పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. మదరమ్మ మేకల వైపు నుంచి తిరక్కుండానే దాన్ని కుదించింది. "బాగున్నాదంట. ఇంకోటి పొయ్యి."

అందరూ నవ్వుతున్నారు. నాకే ఆ నవ్వుల మధ్య ఏడుపు తన్నుకొచ్చింది. ఇంత మంచాయన, ఇంత బాగా బతిమాలితే ఏ అక్క వెళ్ళదు? మా కోటలేమో ఒకటి తోటలేనిది, ఒకటి కూలిపోయింది, ఒకటి అసలు లేనేలేదు. వెళ్ళి మదరమ్మ గౌను పట్టుకున్నాను. "ఎలిపోకు మదరమ్మా. రెస్టు ఇక్కడే తీసుకో. గిన్నెలు నానే తోముతాను." "ఏటే? రెస్టేటే?" అందావిడ. "నువ్వే కదా అన్నావు, నాను ఇన్నాను. జ రెస్త్ అన్నావు కదా." ఆవిడ నన్ను ఒక క్షణం వింతగా చూసి, వ్యాను తలుపు పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఓసి ఎర్రి గుంటా! రెస్త్ అంటే ఉండిపోతానని! నాను ఇక్కడే ఉండిపోతానని ఆడికి వచ్చిన్నాడే సెప్పీసేను!" మరి ఈ ఎండలో మా వెంట ఇంత దూరం ఎందుకొచ్చావని వదిన నిలదీసింది. "ఈ ఊల్లకొచ్చి నలభయ్యేల్లయింది, ఒక్క కోటా సూడనేదు. మందులు, పుల్లకి కట్లు, మీ పేలు, వీటికే సరిపోనాది. మీరే తీసుకెల్తామంటే ఒద్దంటానేటి?" సంగతి విన్న తమ్ముడుదొర నవ్వలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, అక్కతో ఏదో అన్నాడు. అది ఆవిడ మాకు అనువదించలేదు. ఆ రోజంతటిలో ఆవిడ అనువదించకుండా వదిలేసిన మాట అదొక్కటే.

వెళ్ళేటప్పుడు ఆయన కోటల కార్డులన్నీ నాకే ఇచ్చాడు. ఇప్పటికీ మా ముందుగదిలో అద్దం బిగించి ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఫ్రాన్సు వెళ్ళారా అని అడుగుతారు, చింతకోట దాకా వెళ్ళానంటాను. మదరమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు మమ్మల్నీ, మా పిల్లల్నీ తిడుతూ, మందులేస్తూ బతికింది. నేను టీచరునై, పిల్లలు తప్పు చెప్పి ఏడుపుమొహం పెడితే కోప్పడలేకపోయానంటే అది ఆవిడ బిస్కెట్ల పుణ్యమే. ఆవిడ రుణం ఏ జన్మకీ తీరేది కాదు, తీర్చాలనీ లేదు. ఏడాదికోసారి వదినా నేనూ మిషను దొడ్లో ఆవిడ సమాధి దగ్గరికి వెళ్ళి, గడ్డి పీకి, బంతిపూలు పెట్టి వస్తాం. అక్కడ కూచున్నప్పుడల్లా, చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. మదరమ్మ ఉండిపోయిందీ ఇక్కడే, ఇప్పుడు రెస్టు తీసుకుంటోందీ ఇక్కడే. పాపం, ఆ పిల్ల ఫ్రెంచి మరీ అంత తప్పేమీ కాదు. కాస్త ముందుగా అనువదించింది, అంతే.