మబ్బు పడితే కట్టే గొలుసు

పడమట మబ్బు కనబడగానే పొయ్యి మీది సంగటి దించి గాలిమర దగ్గరికి నడవడం సువార్తమ్మకు ఇప్పుడు అలవాటైంది. మార్చిలో జ్వరంతో పోయేదాకా ఆ పని ఆమె పెనిమిటి రాజరత్నానిది. గొలుసు లాగి కమ్మికి కడితే పైన చక్రం ఆగుతుంది. మబ్బు పోయాక విప్పాలి. ఎనభై నాలుగులో ఆళ్లగడ్డ పక్కనున్న ఆ పల్లెకు నీళ్లు తోడే ఈ గాలిమర వచ్చినప్పుడు, అది తిరిగితే మబ్బులను తరిమేస్తుందని ఊరు గడ్డపారలతో వచ్చింది. మబ్బు పట్టిన పూట కట్టేస్తానని మాటిచ్చి రాజరత్నం దాన్ని నిలబెట్టాడు.

తాను కట్టడం మొదలుపెట్టాకే సువార్తమ్మకు తెలిసింది, గాలీ మబ్బూ కలిసే వస్తాయని. గాలి ఉన్న రోజు కట్టి, లేని రోజు విప్పితే చర్చి దగ్గరి తొట్టి ఎట్లా నిండుతుంది?

ఒక రోజు నంద్యాల నుంచి గాలిమరల ఇంజనీరు జీపులో వచ్చాడు. అడుగంటిన తొట్టిలోకి తొంగి చూసి కాగితం తీశాడు.

"ఇక్కడ గాలి చాలదని మీ ఆయనే చెప్పేవాడమ్మా. ఇది ఆడితేనే ఇంకో నాలుగు పల్లెలకు ఇస్తారు. ఇక దీన్ని ఊడదీసుకొని పోతాం."

రాజరత్నం అబద్ధమాడాడు. ఆ సంగతి చెప్తే పోయిన మనిషి పేరు చెడుతుంది. చెప్పకపోతే గాలిమర పోతుంది.

అంతలో పడమట నల్లగా కమ్ముకొచ్చింది. చక్రం గిర్రున తిరిగింది. గొట్టంలోంచి నీళ్లు పడ్డాయి. వాడిన కొర్రచేను వదిలి సంజీవయ్య పరుగున వచ్చాడు.

"ఏంది సువార్తా, చూస్తాండావ్? కట్టు!"

"కట్టను సంజీవన్నా."

"మీ ఆయన మాటిచ్చినాడే!"

"ఇచ్చినాడు. మీకు భయపడి ఈ సారుకు గాలి లేదని గూడా చెప్పినాడు." ఆమె ఇంజనీరు వైపు తిరిగింది. "గాలుంది సార్. మేమే కట్టేస్తాండాం."

ఇంజనీరు కలం ఆగింది.

"వాన పోతే నా చేను నువ్వు తడుపుతావా, కడవతో?" అన్నాడు సంజీవయ్య.

"పోయినేడు మబ్బు పట్టినపుడల్లా కడితిమి గదన్నా. ఏం కురిసింది, దుమ్మా?"

సంజీవయ్య ముందుకొచ్చాడు. గొలుసుకు చెయ్యి చాచాడు. సువార్తమ్మ అడ్డం నిలబడింది. పరాయి ఆడమనిషిని తోసెయ్యలేక ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"ఈ వానాకాలమంతా కట్టకుండా ఉంచగలవా అమ్మా?" అన్నాడు ఇంజనీరు, కాగితం మడుస్తూ. "ఉంచితే, రాసేదేదో అప్పుడు చూసి రాస్తాను."

"ఉంచుతా సార్."

మబ్బు నెత్తి మీదికి వచ్చింది. కురుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. సంజీవయ్య తలెత్తి చూస్తూనే ఉన్నాడు. సువార్తమ్మ కడవ తెచ్చి గొట్టం కింద పెట్టింది. గొలుసు కమ్మికి కొట్టుకుంటూ వేలాడుతోంది. ఆమె దాన్ని ముట్టలేదు.