బిళ్ళ లేనిదే ఫోన్ లేదు

ఇంటర్నెట్ లోకమంతా తిరిగి వచ్చిందంటారు. వస్తే వచ్చింది గానీ, లాలాగూడలో మా ఇంటి గడప తొక్కాలంటే మాత్రం అది మా దాదా పీర్ మహమ్మద్ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఈ గొప్ప ఆయన చెప్పుకోలేదు, ఆయన తరఫున నేను చెబుతున్నాను. మా ఇళ్లలో దాదా అంటే తాత. గల్లీలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఆయనకు రెండూ సరిపోతాయి.

దాదాకు ఉన్నది ఒకటే జబ్బు, బిళ్ళ. ఆయన రైల్వే వర్క్‌షాపు టూల్ రూములో ముప్పై ఆరేళ్లు పనిచేశారు. అక్కడ ఎవరికి పానా కావాలన్నా తన నంబరున్న ఇత్తడి బిళ్ళ మేకుకు తగిలించి తీసుకెళ్లాలి, పానా తిరిగిచ్చి బిళ్ళ తీసుకోవాలి. రిటైరైన మర్నాడే మా గోడకు మేకుల చెక్క ఎక్కింది, ఆ చట్టం మా ఇంట్లో అమల్లోకి వచ్చింది. కత్తెరకు బిళ్ళ, గొడుగుకు బిళ్ళ. పెళ్లయి యాభై ఏళ్లయినా మా దాదీ పీరాంబీ బిళ్ళ నంబరు రెండే. ఒకటో నంబరు ఎవరిదో చెప్పక్కర్లేదు. పక్కింటి దయాకర్ అంకుల్ నిచ్చెన కోసం వస్తే, బిళ్ళ లేదు కాబట్టి ఎడమకాలి చెప్పు మేకుకు తగిలించి వెళ్లాల్సి వచ్చింది. పాపం, ఒంటి చెప్పుతోనే బల్బు మార్చుకున్నాడు.

పిల్లల చదువుకని మా అబ్బా, అంటే నాన్న, ఒక ఫోన్ కొన్నారు. అదీ మేకుల చెక్క కిందికే చేరింది. నేనైనా, ఎనిమిదో తరగతి చదివే మా చెల్లి ఖుష్నుమా అయినా, తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఏం పని, ఎంతసేపు, ఎవరితోని. చెల్లి నిజం చెప్పేది, నేను అబద్ధం చెప్పేదాన్ని. దానికి చదువొచ్చింది, నేను ఇంటర్ సగంలో ఆగాను. తిరిగి ఇచ్చేటప్పుడు దాదా ఫోన్‌ను చెంపకు ఆనించుకుని, "ఇది లెక్కల వేడి గాదు, ఆటల వేడి" అని తేల్చేవారు. తెరిచి చూడటం చేతకాని మనిషి, లోపలి సంగతులు చెంపతో చదివేవారు. నూటికి తొంభైసార్లు అది నిజం కావడమే మా ఖర్మ.

పోయినేడు చెల్లి బడిలో, పిల్లల్ని ఆన్‌లైన్ మోసాల నుంచి కాపాడటం ఎలా అని పెద్దలకు సమావేశం పెట్టారు. పాస్‌వర్డ్ ఎంత దగ్గరివాళ్లకైనా ఇవ్వనివ్వొద్దని ప్రిసిల్లా టీచరు చెప్పారు. రైల్వే మనిషికి ఆ మాటలో మొదటి సగమే వినబడింది. దాదా లేచి, "మేడం, పాస్ బీవీపిల్లలకు సుత ఇస్తరు. రూలున్నది" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన మాత్రం వాదన నెగ్గానని దర్జాగా కూర్చున్నారు. చెల్లి రెండ్రోజులు తల ఎత్తలేదు.

ఆ చెల్లే మొన్నొక సాయంత్రం ఫోన్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మేకు మీది బిళ్ళ ముట్టుకోలేదు.

"దాదా, ఖరాబైంది."

ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. "మంచిగనే ఉన్నది గద బేటా."

"ఫోన్ గాదు."

 దాదా అలవాటుగా అడిగారు, ఏం పని, ఎంతసేపు, ఎవరితోని అని. రెండేళ్లుగా రోజూ జవాబు చెప్పిన నోరు కదా, అలవాటు మీద మొత్తం చెప్పేసింది. ఆటలో స్నేహమైన సైనిక్‌పురి అమ్మాయి అసలు అమ్మాయే కాదట. చెల్లి ఫొటో ఒకటి సంపాదించి, ఇంకా ఫొటోలు పంపకపోతే దాన్ని పాడుగా మార్చి క్లాసంతటికీ పంచుతానని బెదిరిస్తున్నాడట.

తలుపు వెనక ఉన్న నేను పిడుగు పడుతుందని చెవులు మూసుకున్నాను. పడలేదు.

"ముప్పై ఆరేండ్ల సర్వీసుల, పానా ఇరిగిందని తెచ్చి చూపినోని పేరు నేనెన్నడు పై సాబులకు పంపలే," అన్నారు దాదా. "దాచినోనిదే పంపిన. నువ్వు తెచ్చినవ్. నీ పని ఖతం, ఇగ నాది షురూ." మేకు మీది బిళ్ళ తీసి దాని అరచేతిలో పెట్టారు.

చెల్లి భయంతో మెసేజులు తుడిచేయబోతే, ఇరిగిన ముక్క ఎవరన్నా పారేస్తరా అని ఆపారు. ఫోన్ పగలగొడతాను, బడి మాన్పిస్తానని అబ్బా గంతులేస్తే, "పగలగొట్టు. రేపటిసంది పిల్ల నీకేం చెప్పదు" అన్నారు. అబ్బా గంతులు అక్కడే ఆగాయి.

మర్నాడు ఆయనా చెల్లీ ప్రిసిల్లా టీచరు దగ్గరికి, అక్కడి నుంచి ముగ్గురూ సైబర్ పోలీసుల దగ్గరికి వెళ్లారు. పాస్‌ల పెద్దమనిషిని చూసి నవ్వబోయిన టీచరు, ఒక్క మెసేజూ చెరగకుండా ఉండటం చూసి ఆ నవ్వు మింగేశారట. వారంలో ఆ దొంగ ఖాతా మూతపడింది. ఫొటో ఎవరికీ చేరలేదు. చెల్లి మళ్లీ బడిలో తల ఎత్తుకుని తిరుగుతోంది.

నాకు మాత్రం కడుపు మండింది. చిన్న స్క్రూడ్రైవర్ పోగొట్టినందుకు నేను వారం రోజులు తిట్లు తిన్నాను. ఉండబట్టలేక అడిగాను, "దాదా, అదే నేనైతే సుత గిట్లనే ఒక్క మాట అనకుంట ఉంటుంటివా?"

"నువ్వైతే చెప్పనే చెప్పవు జబీన్," అన్నారాయన. "నేనే తలుపెనకకు వచ్చి అడిగేటోణ్ణి."