చక్రం కింద మిరప బస్తా

టీ చల్లారితే చల్లారనీ వదినా, ముందు మొన్న నేను చేసిన ఘనకార్యం విను! గుంటూరు మార్కెట్టుకి చేరాల్సిన మిరపకాయల్ని నడిరోడ్డు మీద కారం పట్టించాను. మరలో కాదు, లారీ చక్రంతో!

మా ఆయనేమో జ్వరంతో మూలుగుతున్నాడు. కళ్లంలో కాయ ఎండి సిద్ధంగా ఉంది. పడమట చూస్తే మబ్బు! మిరప మీద పెట్టిన ఏడాది కష్టమంతా ఆ బస్తాల్లోనే ఉందాయె. తడిస్తే ఎవడూ ముట్టుకోడు. ఎలాగో లోడెత్తించి, నేనే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను.

లారీ డ్రైవర్ మస్తాను. మనిషి మంచివాడే, గొంతే చావింట్లో పలకరింపులా ఉంటుంది. బండి చుట్టూ తిరిగొచ్చి నా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"హారన్ లేదమ్మా."

"నోరుందిగా, కేకెయ్యి!"

"పక్క అద్దం లేదమ్మా."

"నేను తల బయటపెట్టి చూస్తాలే, పద."

"క్లీనర్ రాలేదమ్మా."

"పీడా పోయె!"

"హాండ్‌బ్రేకు పట్టదు, చక్రం కింద పెట్టే దిమ్మ లేదమ్మా."

అదే గొంతు! అదే ఏడుపు! హారన్ లేకపోయినా ప్రళయమే, దిమ్మ లేకపోయినా ప్రళయమే. నాకు ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, ఇంజను తిరుగుతోందా లేదా? తిరుగుతోందిగా! నువ్వు డ్రైవరువా, వంకలు పెట్టడానికొచ్చిన మగపెళ్ళివారి మనిషివా? కదులు!"

కదిలాడు పాపం. హారన్ లేకుండానే ఊళ్ళు దాటాం. నేను కిటికీలోంచి అరుస్తుంటే కోళ్ళూ మేకలూ ఎగిరి పక్కకి దూకాయి. మీసం లేదుగానీ, ఉంటే మెలేసేదాన్నే!

వాగు వంతెన ఎత్తు ఎక్కుతుంటే ఎదురుగా ఎడ్లబండి. మస్తాను ఆపాడు. ఇంజను కూడా ఆగిపోయింది. లారీ మెల్లగా వెనక్కి!

కాలి బ్రేకు మీద నిలబడినంత పనిచేసి, "అమ్మా, దిగి చక్రం వెనక ఏదన్నా పెట్టండమ్మా" అన్నాడు.

అప్పుడూ అదే గొంతు! మళ్ళీ ఏదో లేదంటున్నాడులే అనుకుని కాసేపు పట్టించుకోలేదు కూడా. తీరా తల బయటపెట్టి చూస్తే లారీ వెనక్కి జారుతోంది, కిందికి దూకాను.

"ఒరేయ్ అబ్బాయ్, రాయి తేరా!" అని ఎడ్లబండివాడి మీద అరిచాను.

"రేగడి నేలలో రాయెక్కడిదండీ! రాళ్ళు కావాలంటే కనిగిరి పోవాలి."

ఇంకేం చెయ్యను? నేనూ వాడూ కలిసి వెనకనుంచి ఒక బస్తా లాగి చక్రం కింద తోశాం. చక్రం దాని మీదికెక్కింది. బస్తా ఫట్‌మని పగిలింది. ఇక చూసుకో ఆ ఘాటు! బండివాడు దగ్గు, ఎడ్లు తుమ్ములు, నాకు కళ్ళూ ముక్కూ ఏకధార. ఘాటు కాబిన్‌లోకీ వెళ్ళింది. మస్తాను "హాచ్" అన్నాడు, కాలు జారింది, లారీ వెనక్కి దొర్లి రోడ్డు పక్క గుంటలో కూర్చుంది.

ఎడ్లు కట్టి లాగిస్తుంటే వాన దిగింది. పట్టా కప్పేలోగా పై వరస బస్తాలు తడిసిపోయాయి. మార్కెట్టులో షావుకారు ఒక బస్తాలో చెయ్యిపెట్టి, వాసన చూసి, మొహం తిప్పుకున్నాడు. చచ్చినంత సిగ్గేసింది. పై వరసంతా వాడన్న ధరకే పారేసి వచ్చాను.

నిన్న పత్తి లోడుకి మళ్ళీ వచ్చాడు మస్తాను. బండి చుట్టూ తిరిగాడు. నా ఎదుట నిలబడి, అదే ఏడుపు గొంతుతో, "సీటు మీద దుప్పటి లేదమ్మా" అన్నాడు.

ఏది లేకపోయినా బండి నడుస్తుందో, ఏది లేకపోతే కొంప మునుగుతుందో అతను విడమరిచి చెప్పడు. అడుగుదామంటే నాకు మొహం లేదు. లోపలికెళ్ళి, మా పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన దుప్పటి తెచ్చి పరిచాను.