జాల్యాను వదిలిన జ్వరం

వెదురు నరికే అడవి కూపుకు కూలీలను ఎంచడంలో మేస్త్రీ దుర్గయ్యకు ఒక పద్ధతి ఉండేది. కండలు చూసేవాడు కాదు. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు, మనిషిని నిలబెట్టి ఎడమ డొక్క కింద నొక్కేవాడు. మలేరియాకు ఉబ్బే బల్ల, అంటే ప్లీహం, చేతికి తగులుతుందేమోనని. తరువాత ఒకటే ప్రశ్న: "మీ ఇంట్ల చలిజరంతోని ఎవరన్న పోయిండ్రా?" లేదంటే అడవికి పనికొచ్చినట్టే.

నెల్లికుదురు దగ్గరి తండాకు చెందిన జాల్యా ఆ పరీక్షలో ఎన్నడూ తప్పలేదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బస్సులు నిలిచిపోతే నాలుగు రోజులు నడిచి మహదేవపూర్ అడవి చేరాడు. ఆ దారి నేనూ నడిచినవాణ్ణే, దాని సంగతి ఎత్తితే ఈ కథ ముందుకు సాగదు. ఏటా జాల్యాకు జ్వరం వచ్చేది, వారం వణికించి వదిలేసేది. పక్క పాకల్లో మనుషులు పోయేవాళ్ళు. "నీది గట్టి నెత్తుర్రా," అనేవాడు దుర్గయ్య. ఏడేళ్ళు బతికి వచ్చినవాడు ఆ మాట నమ్మక ఏం చేస్తాడు?

డెబ్బై ఆరులో దుర్గయ్య, జాల్యా తమ్ముడు చాంద్యాను కూడా తెమ్మన్నాడు. తండ్రి అమర్‌సింగ్ ఎప్పుడో పాము కరిచి పోయాడు. తల్లి గోరీ అడ్డుపడింది.

"చాంద్యాను ఇంటికాడ ఉండనియ్యి."

"యాడీ, ఇద్దరం నీ కడుపుల పుట్టినోళ్ళమే. నన్నేం జెయ్యని జరం వాణ్ణేం జేస్తది?"

"అన్న గురకకు పులులే ఉరుకుతయట, జరమెంత," అన్నాడు చాంద్యా. తల్లి నవ్వలేదు.

రెండో నెలలో చాంద్యాకు జ్వరం తగిలింది. నాలుగో రోజు మాట తడబడింది. ఆరో రోజు అన్నను గుర్తుపట్టలేదు. వెదురు లారీ మీద పెద్ద దవాఖానకు చేర్చేసరికి రక్తం ఎక్కించాలన్నారు. జాల్యా చెయ్యి చాపాడు.

"ఒక్క తల్లి పిల్లలం సారు. పరీక్షెందుకు?"

రక్తం చూసే కరుణాకర్ వినలేదు. చూసి, "నీది ఓ గ్రూపు. నీ తమ్మునిది 'ఏ'. అయినా నీది వానికి పనికొస్తది," అన్నాడు.

ఎక్కించారు. మర్నాడు పొద్దున చాంద్యా పోయాడు.

"ఒక్క తల్లికి పుట్టినోళ్ళకు గిట్ల వేరెట్లైతది?" అని జాల్యా ఆ రక్తం చూసే గది గడప వదల్లేదు.

"తల్లి దగ్గరికెల్లి ఒకటి, తండ్రి దగ్గరికెల్లి ఒకటి వస్తది. మీ అమ్మది గూడ ఓ అయితే, మీ నాయినది నీకొచ్చింది వేరు, వానికొచ్చింది వేరు," అన్నాడు కరుణాకర్.

గోరీ ఒక్కసారే అడిగింది. "నిన్నేం జెయ్యని జరం వాణ్ణెట్ల తీస్కపోయింది?"

మరుసటి ఏడు దుర్గయ్య వచ్చాడు. జవాబు తెలిసి కూడా, ఇంట్లో చలిజ్వరంతో ఎవరైనా పోయారా అని అదే ప్రశ్న అడిగాడు. జాల్యా "పోయిండు" అన్నాడు. దుర్గయ్య పక్క గుడిసెకు నడిచాడు.

ఎనభై మూడులో మహబూబాబాద్ స్టేషన్‌లో మూటలు మోసే జాల్యా నాకు పరిచయమయ్యాడు. కథంతా చెప్పాడు. పాత పుస్తకాల కుప్పలో దొరికిన ఒక వైద్య పత్రికలో నేనప్పటికి చదివి ఉన్నాను: ఓ గ్రూపు వాళ్ళకూ ఆ జ్వరం వస్తుంది, కానీ ప్రాణం మీదికి రావడం తక్కువని కొందరు పరిశోధకుల అనుమానం. తరువాతి కాలంలో అది బలపడింది. 'ఏ' గ్రూపు వాళ్ళలో నెత్తుటి కణాలు ఎక్కువగా ముద్దకట్టి మెదడులోని సన్నని నాళాలను మూసేస్తాయట. చదివినదాన్ని దాచుకోలేని రోగం నాది. చెప్పేశాను. ఊరడింపు అవుతుందనుకున్నాను.

జాల్యా నన్ను అప్పటికప్పుడు తండాకు తీసుకుపోయాడు. గోరీ జొన్నలు చెరుగుతోంది.

"యాడీ, నా తప్పు లేదట. వానికి నాయినకెల్లి వేరే నెత్తురు వచ్చిందట. గందుకే జరం ముదిరిందట. ఈ సారును అడుగు."

ఆమె నన్ను అడగలేదు. చేట ఆపలేదు.

"మీ నాయిన వానికేమిచ్చిండో నాకెరుక లేదు," అంది. "అడివికి తోల్కపోయింది మీ నాయిన కాదు."